సార్ పేరున్న డ్రైవర్

ఆదివారం చర్చిలో పాస్టరుగారు క్షమాపణ గురించి ప్రసంగం ఎత్తుకున్నప్పుడల్లా షారోన్ తల వంచుకునేది. “అందర్నీ క్షమిస్తాను ప్రభువా, ఆ ఒక్కణ్ణి మాత్రం నాకు వదిలెయ్యి” అని లోపల్లోపలే బేరం పెట్టేది. ఏళ్ల తరబడి అదే ప్రార్థన.

ఆ ఒక్కడు చైతన్యకృష్ణ సార్. షారోన్ ఎంసీఏ చదివిన కాలేజీలో ఆమెకి ప్రాజెక్టు గైడు. ఇస్త్రీ నలగని చొక్కా, నోరు తెరిస్తే తేనె.

షారోన్ తండ్రి బాలస్వామి సత్తెనపల్లి దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో ముఠా కూలీ. మిర్చి టిక్కీలు, అంటే నిండు బస్తాలు, వీపున మోసి మోసి నడుం వంగిపోయిన మనిషి. తల్లి ఆదెమ్మ అక్కడే షెడ్డులో మిర్చి తొడిమలు తీసేది. ఆ స్టోరేజీ గదుల్లో చలి ఎంతుందో చూడ్డానికి చిన్న చిన్న కంప్యూటర్లు బిగించారు. వాటికి చవకరకం వైఫై డాంగిళ్లు గుచ్చారు. బిగించిన మహానుభావుడు గదులు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చాడు. సిగ్నల్ భేషుగ్గా ఉందని చేతులు దులుపుకుని పోయాడు. ఎండాకాలం వచ్చి టిక్కీలు కప్పుదాకా పేర్చేసరికి ఒక్క గది నుంచీ కబురు లేదు! ఎండుమిర్చి గోడల మధ్య సిగ్నల్ సన్నబడగానే డాంగిల్ తెగిపోయేది. మళ్లీ ఎవరన్నా పీకి గుచ్చితే తప్ప కలిసేది కాదు. పైన ఇరుక్కుని గుచ్చేది ఎవరు? బాలస్వామే.

నాన్న అలా టిక్కీల మీద పాకడం చూసి షారోన్‌కి ఒళ్లు మండింది. ఆ కంప్యూటర్లు లినక్స్ మీద నడుస్తాయి. లినక్స్ గుండెకాయని కెర్నెల్ అంటారు. అందులో తప్పుంటే ప్రపంచంలో ఎవరైనా దిద్ది పంపొచ్చు. పెద్దలు చూసి బాగుందనుకుంటే కలుపుకుంటారు, దిద్దినవాళ్ల పేరు పక్కన రాస్తారు. కంప్యూటర్‌కీ డాంగిల్‌కీ మధ్య దుబాసీలాంటిది డ్రైవర్. ఆ డాంగిల్‌కి కెర్నెల్లో డ్రైవరే లేదు. తయారుచేసినవాళ్లు బయట పడేసిన గజిబిజి కోడ్ ఒకటుంది, అంతే. షారోన్ దాన్నే విప్పి మళ్లీ కుట్టింది. సిగ్నల్ సన్నబడితే వేగం తగ్గించుకుని పట్టు వదలకుండా ఉండేలా రాసింది. నాన్న టిక్కీలు ఎక్కడం మానేశాడు.

ఆ డ్రైవర్‌ని తన మెయిల్ నుంచి తనే పంపితే ఏ గొడవా లేకపోయేది. కానీ మన కాలేజీల సంగతి తెలిసిందే కదా! స్టూడెంటు ఏం చేసినా గైడు చేతుల మీదుగానే పోవాలి. చెప్పకుండా పంపితే పొగరనుకుంటారు. అందుకని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, రెండు చేతులతో, “ఒకసారి చూసి పెట్టండి సార్” అని ఇచ్చింది. ఏం పిల్లో, ఏం భక్తో!

సార్ చూశాడు. చూసి తన పేరుతో పంపేశాడు. రాసింది ఆయన, ఇకముందు దాన్ని చూసుకోవాల్సిన బాధ్యుడు ఆయన, అంతా ఆయనే. షారోన్ అన్న మాట మచ్చుకైనా లేదు. వెళ్లి అడిగితే నవ్వాడు. “గైడు పేరుంటే నీ పేరున్నట్టే కదమ్మా. దీనికింత రాద్ధాంతం దేనికి?”

“వాడి చెయ్యి ఇరిగిపోను!” అంది ఆదెమ్మ, ఒళ్లో ఉన్న మిరపకాయల చేటని పక్కకి తోసి. “టిక్కీ మోసింది మీ నాయన, కోడు రాసింది నువ్వు, పేరు వాడికా?”

ఆ పేరుతో సార్ డిపార్ట్‌మెంటుకి పెద్ద అయ్యాడు. కాలేజీ గేటు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది, ప్రపంచ కెర్నెల్లో మన సార్ అని. షారోన్ బస్సులో పోతూ దాన్ని రోజూ చూసింది. చదువయ్యాక చుట్టుపక్కల స్టోరేజీల కంప్యూటర్లు చూసే పనిలో చేరింది, అయినా బస్సు దారి అదే. చూసిన ప్రతిసారీ పగ పొయ్యిలో ఇంకో పుల్ల ఎగదోసుకుంది.

పేరు కొట్టేశాడు గానీ సాకడం తెలియాలి కదా! కెర్నెల్ మారుతూ ఉంటుంది, దానితోపాటు డ్రైవరూ మారాలి. సార్ ఒక్క అక్షరం దిద్దలేదు. ఎక్కడెక్కడివాళ్లో తప్పులున్నాయని రాస్తే జవాబివ్వలేదు. డ్రైవర్ కుళ్లడం మొదలుపెట్టింది. షారోన్ దిద్దగలదు. చస్తే దిద్దదు. దిద్దితే సార్ పేరు చల్లగా ఉంటుంది మరి.

ఆమె వేరే దారి పట్టింది. కెర్నెల్లో ఒకే కుటుంబం వైఫై చిప్పులన్నింటినీ నడిపే పెద్ద డ్రైవర్ ఒకటుంది. అది ఈ డాంగిల్‌ని కూడా నడపగలిగితే, పాత డ్రైవర్‌తో పనిలేదని మొత్తంగా తీసిపారేస్తారు. డ్రైవర్ పోతే బాధ్యుల జాబితాలో సార్ పేరూ పోతుంది. కసి ఉన్న మనిషికి ఓపికకేం తక్కువ? రెండు మిర్చి సీజన్లు కూర్చుంది. టిక్కీలు నిండిన గదుల్లో శాలువా కప్పుకుని పరీక్షలు చేసింది. కొత్తది సిగ్నల్‌ని పాతదానికంటే గట్టిగా పట్టింది.

“ఇంకా ఆ సారు మీదేనా అమ్మా?” అన్నాడు బాలస్వామి.

“ఆయన మీదే నాన్నా.”

మార్పులన్నీ ఈసారి తన మెయిల్ నుంచి, తన పేరుతో పంపింది. చిట్టచివరిది పాత డ్రైవర్ తీసేయమని. వైఫై విభాగానికి పెద్దదిక్కు ఎక్కడో చలిదేశంలో ఉండే ఒకాయన. మొదటివన్నీ మెచ్చుకుని కలుపుకున్నాడు. చివరిదాని దగ్గర సార్ నిద్రలేచాడు. అందరూ చూసే మెయిలింగ్ లిస్టులో రాశాడు: “ఈ డ్రైవర్ రాసినవాణ్ణి నేను. మా ప్రాంతంలో మిర్చి రైతులకి ఇదే ఆధారం. తీయొద్దు.” మిర్చి రైతులట! ఏనాడైనా స్టోరేజీ గుమ్మం తొక్కాడా?

పెద్దాయన నిదానించాడు. రాసినవాళ్లే వద్దంటుంటే తొందరపడను, రాసినవాళ్ల మాటకి విలువివ్వాలి అన్నాడు. రాసింది తనేనని షారోన్ చెబుదామంటే రుజువేదీ? ఇన్నేళ్ల పగ, దొంగ పేరు దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో తల్లికి అన్నం తెచ్చి ఇస్తుంటే ఫోన్ మోగింది. సార్!

“షారోనమ్మా, బాగున్నావా? కాలేజీకి తనిఖీ బృందం వస్తోందమ్మా. ఇప్పుడు నా పేరు తీయిస్తే డిపార్ట్‌మెంటు పరువేం కావాలి చెప్పు?”

షారోన్ అన్నం గిన్నె తల్లి ముందు పెట్టి పక్కకి నడిచింది.

“అయినా అది నువ్వు కని పెంచిన కోడ్ కదమ్మా. నీ బిడ్డని నీ చేత్తో చంపుకుంటావా?”

షారోన్ వెన్ను నిటారుగా అయింది. “ఎవరి కోడ్ సార్?”

“నీదేనమ్మా! కాదని ఎప్పుడన్నానూ?”

“ఆ ముక్క లిస్టులో రాయండి సార్.”

“రాస్తే ఆపుతావా?”

“ముందు రాయండి. తర్వాత నా మాట నేను చెప్తాను.”

సార్ లెక్క సార్ వేసుకున్నాడు. ఒక్క వాక్యం ఖర్చు, తనిఖీ గడిచేదాకా డ్రైవర్ ఉంటుంది, బాధ్యుడిగా తన పేరూ ఉంటుంది. కన్నతల్లి బిడ్డని చంపుకుంటుందా ఎక్కడన్నా? సాయంత్రానికల్లా రాశాడు. “ఈ డ్రైవర్ మొదట రాసింది నా విద్యార్థిని షారోన్. పంపింది మాత్రం నేను.”

అందరూ చూసేచోట తన పేరు చూసుకుని షారోన్ బావురుమంది. ఆదెమ్మ కూతురి తల పొట్టకి అదుముకుని సార్‌ని వంశం మొత్తంతో సహా తిట్టిపోసింది. వెనకే పెద్దాయన మెయిలు వచ్చింది: “అయితే షారోన్, రాసిన వ్యక్తిగా మీరేమంటారు?”

ఆమె పాత డ్రైవర్ తెరిచింది. నాన్న కోసం రాసిన ప్రతి వరసా గుర్తుంది. నిజంగానే బిడ్డలా ఉంది.

“అది తీసేస్తే నీదీ పోతుంది కదమ్మా” అన్నాడు బాలస్వామి పక్కన కూర్చుని.

“పోనీ నాన్నా. ఆయన పేరు కింద బతికి ఎవరికేం లాభం?”

కళ్లు తుడుచుకుని జవాబు రాసింది. “రాసింది నేనే. తీసేయండి.”