పెరిగే పిలగాడి కర్ర

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో పిల్లలకు సరిపోయే వస్తువంటూ ఏదీ ఉండేది కాదు. చొక్కా కుట్టిస్తే మోకాళ్ళ దాకా వచ్చేది. చెప్పులు కొంటే పిల్లవాడు ముందు నడిచేవాడు, చెప్పులు వెనకాల వచ్చేవి. దర్జీ టేపు చేతికి తీసుకోగానే మా నాయన, "పెరిగే పిలగాడు, జర ఒదులుగ కుట్టు" అనేవాడు. సరిపోయే నాటికి ఆ చొక్కా చిరిగిపోయేది. ఒంటికి సరిగ్గా అమరిన గుడ్డ నేను చిన్నతనంలో ఒక్కరోజు కూడా తొడగలేదు. (చదువూ అంతే. అక్షరాలు నాకు యాభై దాటాక, మా చర్చిలో పాస్టరమ్మ చెయ్యి పట్టి దిద్దిస్తే వచ్చాయి. కాబట్టి ఇందులో రాత వంకరగా ఉంటే సర్దుకోండి. మాట మాత్రం వంకర లేకుండా చెప్తాను.) ఈ పెరిగే పిలగాడి లెక్క చొక్కాలతో ఆగి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు. అది నా స్నూకర్ కర్ర దాకా వచ్చింది.

పెనుబల్లి పక్క పల్లెటూరి వాడికి స్నూకర్ ఎక్కడిదంటారా? సత్తుపల్లిలో ఒక కట్టె డిపో ఉండేది. దాని యజమానిని ఊరంతా భాయ్ అనేది. ఎక్కడో దొరల క్లబ్బు మూతపడుతుంటే, ఆట బల్ల మంచి టేకుది కదా, విప్పి తలుపులు చేయించవచ్చని ఆయన కొనుక్కొచ్చాడు. విప్పే ముందు సరదాగా ఒక బంతి కొట్టి చూశాడు. అంతే, తలుపుల మాట మళ్ళీ ఎత్తలేదు. డిపో వెనక రేకుల షెడ్డులో, చుట్టూ దూలాలు, పలకల దొంతరలు, మధ్యలో పచ్చగుడ్డ పరిచిన ఆ బల్ల. మా నాయన ఎడ్లబండి మీద అడవి పక్క ఊళ్ళ నుంచి అక్కడికి కట్టె తోలేవాడు. ఆయన బండి దించేలోపు నేను షెడ్డులో దూరేవాణ్ణి. తెల్లబంతితో రంగుబంతిని కొట్టి, బల్ల మూలన వేలాడే వలసంచిలో పడెయ్యాలి. ఎడ్లను తోలే చేతికి అదెలా పట్టుబడిందో తెలియదు గానీ, పదిహేనేళ్ళు వచ్చేసరికి మీసాలున్న వాళ్ళను ఓడించడం మొదలుపెట్టాను.

ఒకరోజు భాయ్ నన్ను పిలిచి, "బేటా, ఖమ్మంల పెద్ద క్లబ్బుల పోటీ పెడుతున్రు. ఒక్కణ్నే తీస్కపోత. నువ్వో, జీడిపప్పో, వచ్చే ఆదివారం తేల్చుకోండి. గెలిచినోడు నాతోని బస్సెక్కుడే. కానీ సొంత కర్ర ఉండాలె. ఆడ ఎవడి కర్ర ఎవడూ ముట్టనియ్యడు" అన్నాడు. (ఆ కర్రను క్యూ అంటారని తర్వాత తెలిసింది. మాకు కర్రే.) జీడిపప్పంటే అశ్వారావుపేట తోటలవాళ్ళబ్బాయి. ఇప్పుడు అటంతా పామాయిలు గానీ, అప్పుడు జీడితోటలు. జేబులో ఎప్పుడూ వేయించిన పప్పు, చేతిలో సొంత కర్ర. నేను అప్పటికి ఖమ్మం చూడలేదు. ఆ వారమంతా తినేది ఖమ్మం, తాగేది ఖమ్మం.

ఇంట్లో చెబితే అమ్మ నవ్వింది. "ఆటకు కర్రేంది? బర్ల కాడికి పోను కర్ర లేదా? దానితోనే కొట్టు." నాయన మాత్రం నవ్వలేదు. కర్ర అనేసరికి ఆయన ముఖం గంభీరంగా మారింది. మా చుట్టుపక్కల ఎడ్లను తోలే ములుగర్ర కావాలన్నా, గొడ్డలికి కామ కావాలన్నా మా నాయన చూసి సరే అంటేనే కోసేవాళ్ళు. "ఆగు. కర్ర సంగతి నేను చూస్త" అన్నాడు. నాకు ఖమ్మం బస్సు హారన్ వినిపించింది.

క్లబ్బు నుంచి బల్లతో పాటు ఒక కర్రల కట్ట కూడా వచ్చింది. భాయ్ దాన్ని నాయన ముందు పరిచి, "నచ్చింది తీస్కో తమ్మీ, నీ పిలగానికి నా కానుక" అన్నాడు. నాయన ఒక్కోటీ తీసి వాసన చూశాడు. ఒక కన్ను మూసి వంకర చూశాడు. నేలకు కొట్టి చెవి పెట్టి విన్నాడు. "ఇది లేత కట్టె. ఇది పుచ్చుపట్టే రకం. ఇది తేలిక, ఎద్దు లెక్కజెయ్యదు." (బంతులకు ఎద్దులతో పోలికేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.) చివరికి అడుగు నుంచి ఒకటి లాగాడు. తాటిచెట్టంత దొర ఎవడో ప్రత్యేకంగా చేయించుకున్నదట. నునుపుగా, నిటారుగా, పట్టుకుంటే చేతిలో ప్రాణమున్నట్టు ఉంది. నా పక్కన నిలబెడితే నా నెత్తి దాటి పోయింది.

భాయ్ గతుక్కుమన్నాడు. "అరే తమ్మీ, ఇది మనిషికి ఛాతీ కాడికి రావాలె. మహా అయితే భుజం కాడికి."

"కర్రన్నాక చెవి కాడికి రావాలె భాయ్. మా తాతల కాన్నుంచి అదే కొలత."

"చెవి కాడికి కూడా లేదు కదనయ్యా, నెత్తి మీదికుంది!"

"పెరిగే పిలగాడు" అన్నాడు నాయన, అంతటితో విషయం తేలిపోయినట్టు.

"పోనీ జానెడు కోయిస్త. రంపం ఇక్కడే ఉంది, జల్దీ అయిపోతది."

"కోసినంక రేపు ఈడు పెరిగితే మళ్ళ అతికిస్తవా?"

కట్టె డిపో యజమాని మిగతా కర్రలను మళ్ళీ కట్ట కట్టాడు. నేను నోరు తెరిచి, "నాయనా, జర కోయిద్దామే" అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు తెరిచిన నోరు దానంతటదే మూసుకుంది.

ఆదివారం చర్చి వదలగానే బండి కట్టాం. షెడ్డు నిండా జనం. నేను వంగి కర్ర వెనక్కి లాగితే పలకల దొంతరకు తగిలేది. ఇటు తిరిగితే రేకుకు తగిలి ఠంగుమనేది. ఒకసారి భాయ్ చాయ్ గ్లాసు పోయింది. జీడిపప్పు పప్పు నములుతూ, "ఒరేయ్, నువ్వు ఈడ ఆడు, నీ కర్ర పెనుబల్లిలో ఆడుతది" అన్నాడు. అంతా నవ్వారు. అయినా నేను వదల్లేదు. చివరికి బల్ల మీద నల్లబంతి ఒక్కటే మిగిలింది. అది వేసినవాడే ఖమ్మం బస్సెక్కేది. బంతి సంచికి ఎదురుగానే ఉంది, కళ్ళు మూసుకుని కొట్టినా పడుతుంది. వంగాను. కర్రను వెనక్కి లాగాను. లాగితే, మెత్తగా, వెచ్చగా ఏదో అడ్డం తగిలింది. తాను ఎంచిన కర్ర ఎలా గెలుస్తుందో దగ్గర నుంచి చూద్దామని నాయన వచ్చి సరిగ్గా నా వెనక నిలబడ్డాడు. కర్ర వెనక కొస ఆయన పొట్టలో దిగింది. ఆయన "హమ్మా" కూడా అనలేదు, ఆట చెడుతుందని ఊపిరి బిగబట్టాడు. నా దెబ్బ మాత్రం చచ్చిపోయింది. నల్లబంతి దొర్లుకుంటూ వెళ్ళి సంచి నోట్లో ఆగి, నా వైపే చూసింది. జీడిపప్పు చెయ్యి తుడుచుకుని దాన్ని లోపలికి తోశాడు.

తిరుగు బండిలో కర్రను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాయన ఎడ్లను అదిలించాడు. తర్వాత పొట్ట రుద్దుకుంటూ, "ఏం కాదురా. కర్రకేం తొందర లేదు. నువ్వు పెరుగు" అన్నాడు.

పెరగడమే పనిగా పెట్టుకున్నాను. చింతకొమ్మ పట్టుకుని వేలాడాను. గంజి, జొన్నరొట్టె, ఏది దొరికితే అది. ప్రతి ఆదివారం ప్రార్థనలో అందరూ పాపక్షమాపణ అడుగుతుంటే నేను ఎత్తు అడిగేవాణ్ణి. దేవుడు విన్నాడు గానీ ఆయనా నాయనలాగే తొందరపడే రకం కాదు. అప్పటికి బండి తోలే పని నా మీదే పడింది, సత్తుపల్లి వైపు పోవడం తగ్గింది. కొన్నేళ్ళకు ఒకనాడు గోడకు నిలబెట్టి చూస్తే కర్ర సరిగ్గా నా భుజం దగ్గరికి వచ్చింది. భాయ్ చెప్పిన కొలత! దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కాను.

షెడ్డు తలుపు తీస్తే లోపల ఎరువుల బస్తాలు. బల్లను ఎవరో విప్పి పట్టుకుపోయారట, నిజంగానే తలుపులకు. భాయ్ గడ్డం తెల్లబడింది. "అరే బేటా, ఇప్పుడా వచ్చేది?" అన్నాడు. నాలుగు బస్తాలు పక్కకు జరిపి చోటు చేశాడు. "ఏదీ, వంగు ఒకసారి, చూస్త" అన్నాడు. బల్ల ఉండే చోట వంగి, లేని బంతిని కొట్టాను. కర్ర ఎక్కడా తగల్లేదు. "సరిపోయిందిరా" అన్నాడు భాయ్.  

మొన్న స్నూకర్ నేర్చుకుంటున్న నా మనవరాలికి కర్ర కొనడానికి ఖమ్మం వెళ్ళాం. ఎనిమిదో తరగతి, నోరెక్కువ, చెయ్యి ఇంకా ఎక్కువ. కొట్టు అబ్బాయి ఆమె ఛాతీ దగ్గరికి వచ్చే కర్ర ఒకటి ఇచ్చాడు. నా నోరు ఆగలేదు. "పెరిగే పిల్ల బాబూ, జర పొడుగుది చూపియ్యి."

"దానిదేముంది పెద్దాయనా" అంటూ అతను కర్రంత లావున్న జానెడు ముక్క తీసి కర్ర వెనక పెట్టి తిప్పాడు. మరలాగా బిగుసుకుంది. కర్ర జానెడు పెరిగింది. మళ్ళీ తిప్పాడు, ఊడొచ్చింది. నేను అడిగి తీసుకుని బిగించాను. విప్పాను. బిగించాను. "తాతా, చాలు, అందరూ చూస్తున్నరు" అంది మనవరాలు. చూడనీ. కోసినంక మళ్ళ అతికిస్తవా అన్న ప్రశ్నకు జవాబు నా చేతిలో ఉంది, అడిగినవాడు లేడు.

ఇంటికొచ్చి, దూలం మీది పాత కర్ర దించి తుడిచాను. ఈ మధ్య నడుం వంగింది నాకు. పక్కన నిలబెట్టుకుంటే అది భుజం దాటిపోయింది. చేత్తో తడిమి చూశాను. సరిగ్గా చెవి దగ్గరికి వచ్చింది. కర్రన్నాక ఎక్కడికి రావాలో అక్కడికి. "కొలత కుదిరింది నాయనా" అని దాన్ని ఊతంగా పట్టుకుని, మనవరాలి ఆట చూడ్డానికి బయల్దేరాను. ఆమె వెనక మాత్రం నిలబడను.