ఇంజన్ గుక్క

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి వర్క్‌షాపు షట్టర్ దించి ఉంది. రెండేళ్లలో అలా చూడడం అదే మొదటిసారి. మా ఆటోమొబైల్ మాస్టారు ఏలూరులో వాళ్లింట్లో నిద్రలోనే పోయారని వాచ్‌మన్ చెప్పాడు.

తాడేపల్లిగూడెం పాలిటెక్నిక్‌లో ఆయన మమ్మల్ని కూడా "ఏవండీ" అనే పిలిచేవారు. చేతులు తుడుచుకున్న మసిగుడ్డని నాలుగు మడతలు పెట్టి మరీ జేబులో పెట్టుకునేవారు.

మొదటి ఏడు ఒకరోజు, "డిస్‌ప్లేస్‌మెంట్‌ని తెలుగులో ఏవంటారండీ?" అని అడిగారు. అప్పుడప్పుడే నిఘంటువు పిచ్చి పట్టిన నేను లేచి "స్థానభ్రంశం" అన్నాను.

"బానే ఉందండీ. ఇంజన్ చేత ఊరు ఖాళీ చేయించినట్టుంది."

అందరూ నవ్వారు. నా పక్క బెంచీ అమ్మాయిది కొల్లేరు వైపు. వాళ్ల నాన్న చేపల చెరువుల దగ్గర నీటి ఇంజన్లు నడుపుతాడు. "సిలిండర్లన్నీ ఒక్కోసారి గాలి లాగితే ఎంతో, అదేగాండీ. గుక్కండి," అంది.

మాస్టారు బోర్డు మీద 'గుక్క' అని రాశారు. ఆ రోజు నుంచి క్లాసులో అదే మాట. నాకు ఒళ్లు మండింది. నిఘంటువు ముట్టని అమ్మాయికి ఆ మాట ఎలా దొరికింది?

లెక్కలోనైనా గెలవాలనుకున్నాను. వర్క్‌షాపులో విప్పి పెట్టిన పాత కారు ఇంజన్ గుక్క ఎంతో లెక్క కట్టమన్నారు మాస్టారు. సిలిండర్ వ్యాసం ఏడు సెంటీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం ఆరున్నర, సిలిండర్లు నాలుగు. అందరికన్నా ముందు వెయ్యిన్నొక్క సీసీ అని చూపించాను.

"జవాబు రైటేనండీ. వ్యాసార్థం బదులు వ్యాసం వేశారు. నాలుగు సిలిండర్లతో గుణించడం మరిచారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కాపాడుకున్నాయి," అన్నారు.

ఆ అమ్మాయి పిస్టన్‌ని అడుక్కి దించి, సందుల్లో గ్రీజు రాసి, కొలత జాడీతో ఆయిల్ పోసింది. "పావు లీటరండి. నాలుగూ కలిపి లీటరు." మాస్టారు వ్యాసాలు కొలిచే తన కాలిపర్ ఆమెకిచ్చి "ఉంచుకోండి" అన్నారు. అది ఆమె చేతిలో కనబడితే ఇప్పటికీ చూపు తిప్పుకుంటాను.

పోయిన బుధవారం నన్ను పిలిచారు. "ఆ ఇంజన్‌కి బోర్డు రాయండి. మాట ఆవిడది, అక్షరాలు మీవి."

గురువారం పెయింట్ లేదన్నాను. శుక్రవారం బ్రష్ లేదన్నాను. రెండూ నా బ్యాగులోనే ఉన్నాయి. శనివారం ఆయన అడగలేదు. బోర్డు చెక్కని తానే గీకి, తెల్లరంగు వేసి, ఆరబెట్టి వెళ్లారు.

వాచ్‌మన్ షట్టర్ ఎత్తాక చూశాను. ఆ తెల్ల చెక్క ఇంజన్‌కి ఆనించి ఉంది. రేపు పొద్దున ఎనిమిదింటికి కాలిపర్ తీసుకుని రమ్మని ఆ అమ్మాయికి చెప్పాను. తను మళ్లీ కొలిచి చెబుతుంది, నేను రాస్తాను. ముందు 'గు' రాస్తాను.