బుల్లయ్య వండిన కార్జం

మా ప్రహరీకి అవతలివైపు ఇల్లు బుల్లయ్య బాబాయిది. చుట్టరికమేమీ లేదు, ఊరి వరసన బాబాయి. యాభై ఏడేళ్ళ మనిషి. పన్నెండో ఏట తండ్రి చేతిలోని కర్ర అందుకుని గొర్రెల వెంట నడిచినవాడు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు. పత్తి ఆఖరి తీత అయ్యాక ఖాళీ పడ్డ నల్లరేగడి చేలలో మంద పెడతాడు. నూట నలభై గొర్రెలు పడుకుని లేచిన చేను మరుసటి ఏడు ఎలా కాస్తుందో మా ఊరి రైతులకు తెలుసు. అందుకే ఆయనను ముందే మాట్లాడి పెట్టుకుంటారు.

గొర్రె దగ్గితే ఎందుకు దగ్గిందో చెప్పగలడు. అరుపు విని ఏ పిల్ల ఏ తల్లిదో చెప్పగలడు. కానీ మొన్న మార్చి దాకా ఆయన పొయ్యి వెలిగించి ఎరగడు. కాఫీ కూడా పెట్టుకోలేదు. ఆ సంగతి సిగ్గుపడుతూ కాదు, గొప్పగానూ కాదు, మామూలుగా చెప్పేవాడు. ఇంట్లో వెంకటరావమ్మ పిన్ని ఉండగా ఆయనకా అవసరం రాలేదు, అంతే.

ఆ మార్చిలో పిన్ని మిర్చి కోతకు వెళ్ళింది. రెండో కోత. పొద్దు నడినెత్తికి రాకముందే సాలు మధ్యలో కూలబడిపోయింది. ఎండ దెబ్బ అన్నారు తోటి కూలీలు. మొహాన నీళ్ళు చల్లి, టార్పాలిన్ పట్టా నీడలో పడుకోబెట్టారు. కబురు తెలిసి నేనూ వెళ్ళాను. అప్పటికే బాబాయి మంద వదిలేసి పరుగున వచ్చాడు. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలితో ఆమె కింది కంటిరెప్ప కిందికి లాగి చూశాడు. గొర్రెకు రక్తం ఉందో లేదో కాపరులు చూసేది అలాగే. లోపల ఎర్రగా ఉండాల్సిన చోటు సుద్దలా తెల్లగా ఉంది.

"దీనికి ఒంట్లో రక్తం లేదమ్మా," అన్నాడు నాతో. "నెలకోసారి నూట నలభై గొర్రెల కళ్ళు చూస్తా. దీని కన్ను ఎప్పుడూ చూడలేదు."

కూతురు శ్రీరమ్య ఒంగోలులో నర్సింగు చదువుతోంది. ఆ అమ్మాయే తెలిసిన డాక్టరమ్మ దగ్గర చూపించింది. నేను కూడా తోడు వెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ బాబాయిని లోపలికి పిలిచింది.

"ఎనిమిది నెలల నుంచి ఈమెకు విపరీతంగా రక్తం పోతోంది. మీకు తెలుసా?"

బాబాయి పిన్ని వైపు చూశాడు. పిన్ని కిటికీ వైపు చూసింది.

"గర్భసంచి తీసెయ్యాలి. కానీ ఇప్పుడు రక్తం, అంటే హిమోగ్లోబిన్, ఏడు గ్రాములే ఉంది. పది దాటితేగానీ నేను కత్తి పట్టుకోను. ఇంజెక్షన్లు ఇస్తాను, మాత్రలు రాస్తాను. వాటితో పాటు తిండి కూడా ముఖ్యం. వారానికోసారి లివర్, అదేనండి కార్జం, వండి పెట్టండి. ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"ఆవిడేనండి," అన్నాడు బాబాయి.

"ఆవిడా?" అని డాక్టరమ్మ రాస్తున్న చెయ్యి ఆపింది. బాబాయి తల వంచుకున్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో చెప్పాను. "మీరేం కంగారుపడకండి బాబాయ్. ఆదివారం నేను వండి గోడ మీంచి అందిస్తాలే."

"వద్దమ్మాయ్. నేనే వండుతా."

"మీరా? మీరు దాన్ని చూడను కూడా చూడరు కదా!"

నేనన్న మాటకో కథ ఉంది. ఇరవై ఆరేళ్ళ కిందట పెద్ద వానలు పట్టిన ఏడు, వాగు పొంగి బీళ్ళన్నీ బురదగుంటలయ్యాయి. ఆ తడిగడ్డి మేసిన గొర్రెలు దవడ కింద నీరు దిగి, ఒకటొకటిగా పడిపోయాయి. ముప్పై ఎనిమిది పోయాయి. పశువుల డాక్టరు వచ్చి ఒక గొర్రెను చేలోనే కోసి లోపల చూపించాడు. "ఇదయ్యా దీని కార్జం" అన్నాడు. గట్టిపడి, గంట్లు పడి, ఎండిన చెక్కలా ఉందట. నొక్కితే అందులోంచి చిన్న ఆకుల్లాంటి జలగలు, బతికున్నవి, మెల్లగా బయటికి వచ్చాయట. అప్పటినుంచి బాబాయి ఏడాదికి మూడుసార్లు ప్రతి గొర్రె నోరూ తెరిచి, ఆ జలగలు పట్టకుండా నట్టల మందు పోశాడు. ఒక్క విడత తప్పలేదు. వాగు పక్క పచ్చిక ఎంత పచ్చగా కనిపించినా మందను అటు తోలలేదు. పండగలకు వేటమాంసం తినేవాడు గానీ కార్జం అన్న మాట వింటేనే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు.

ఆదివారం తెల్లారి ఊరి మొదట్లో జాన్ బాషా కొట్టుకు వెళ్ళాడు. జాన్ బాషా వాళ్ళు మూడు తరాలుగా అక్కడే మాంసం కొడుతున్నారు. బాబాయి పొట్టేలు పిల్లల్ని కొనేదీ అతనే. ఆ కొట్టు ముందు ఏం జరిగిందో తర్వాత జాన్ బాషానే నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

"కార్జం కావాలి," అన్నాడట బాబాయి, గోడ వైపు చూస్తూ.

"నీకా మావా?"

"రావమ్మకి. డాక్టరు చెప్పింది."

జాన్ బాషా లోపల పళ్ళెంలో ఉన్నదాన్ని రెండు చేతులతో ఎత్తి తెచ్చి బాబాయి ముందు పెట్టాడు. "చూసి తీసుకో. నీ మందదే. మొన్న కొన్న మూడు పిల్లల్లో చెవికి మచ్చున్నది."

బాబాయి చూశాడు. చూస్తూ నిలబడిపోయాడు.

అది నేరేడుపండు రంగులో ఉంది. అంచులు పలచగా, నడుమ బొద్దుగా, పొద్దుటి వెలుగు పడి పైనంతా నిగనిగలాడుతోంది. గంటు లేదు, మచ్చ లేదు. చేత్తో తాకితే చల్లగా, నున్నగా, గాజు మీద వేలు జారినట్టు వేలు జారిపోయింది.

"ఇట్టా ఉంటదా?" అన్నాడట. "కార్జం ఇట్టా ఉంటదంట్రా?"

"బాగున్నది ఇట్టాగే ఉంటది మావా. నీ మంద కార్జానికి మచ్చే ఉండదు. ఒంగోలు నుంచి ఫోన్ చేసి, బుల్లయ్య పిల్లని కోస్తే చెప్పమంటారు. నీకు తెలీదా?"

"నాకెవరు చెప్పార్రా?"

"నువ్వెప్పుడన్నా ఇటు తిరిగి చూస్తేగా చెప్పేది!"

ఇరవై ఆరేళ్ళు ఆయన మందు పోసింది కంటికి కనిపించని ఒకదాని కోసం. చెడిపోతే ఎలా ఉంటుందో తెలుసు. బాగుంటే ఎలా ఉంటుందో ఆ ఉదయం దాకా తెలియదు. జాన్ బాషా దాన్ని తామరాకులో చుట్టి సంచిలో పెట్టి ఇస్తే, సంచి వేలాడదీసుకుని కాకుండా రెండు చేతుల్లో పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

వంట సమయానికి నేను వాళ్ళింట్లో ఉన్నాను, పిన్నికి మాత్రలు ఏవి ఎప్పుడో చీటీ మీద రాసి పెడుతూ. పిన్నిని మంచంతో సహా వంటింటి గడప దగ్గరికి జరిపాడు బాబాయి. ఆమె పడుకునే చెబుతుంది, ఈయన చేస్తాడు. అదీ ఏర్పాటు.

"ముందు దాని మీద పొర ఉంటది, తియ్యి," అంది పిన్ని.

"ఏ పొర? నాకేం కనపడట్లా."

"కనపడదు. గోటితో అంచు గీరు, వచ్చిద్ది."

ఆయన కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని గీరాడు. ఉల్లిపొర కన్నా పలచని తెర ఒకటి లేచింది. మెల్లగా లాగితే చిరక్కుండా అరచేయంత వచ్చింది. దాన్ని కిటికీ వెలుగుకు పట్టి అవతల ఉన్న నన్ను చూశాడు. "అమ్మాయ్, దీనిలోంచి నువ్వు కనపడుతున్నావు," అన్నాడు. నవ్వులాటకు అన్నది కాదు. గుడిలో మాట్లాడినంత మెల్లగా అన్నాడు.

ముక్కలు కోస్తుంటే లోపల సన్నని గొట్టాలు బయటపడ్డాయి. చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు వాటినే చూశాడు. చివరికి ఆయన కొనవేలితో ఒక గొట్టాన్ని నొక్కాడు. నల్లటి రక్తపు బొట్టు తప్ప అందులోంచి ఏమీ రాలేదు. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

పసుపు, ఉప్పు వేసిన నీళ్ళలో రెండుసార్లు కడిగాడు. గ్యాసుపొయ్యి వెలిగించడానికి మూడుసార్లు లైటరు నొక్కాడు. బాండీలో నూనె, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, అల్లంవెల్లుల్లి ముద్ద. ఏది ఎప్పుడు వెయ్యాలో పిన్ని వాసనను బట్టి చెబుతోంది.

"ఉల్లిపాయ ఇంకా పచ్చి వాసన వస్తా ఉంది. ఆగు."

"నీకు అక్కడికి ఎట్టా తెలుస్తది?"

"ముప్పై మూడేళ్ళ నుంచి వాసన చూస్తన్నాగా. ఆఁ, ఇప్పుడెయ్యి."

ముక్కలు పడ్డాయి. బాండీ చుర్రుమంది. ఎర్రటి ముక్కలు ఆయన కళ్ళముందే రంగు మారి, బూడిదరంగుకు తిరిగి, తమలోంచి తామే నీళ్ళు వదిలి, ఆ నీళ్ళలోనే ఉడకసాగాయి. "నీళ్ళు పొయ్యలేదే నేను!" అని ఉలిక్కిపడ్డాడు. "దాని నీళ్ళు దానికే చాలు," అంది పిన్ని. ధనియాల పొడి, మిరియాల పొడి, తన చేతులతో కోసిన మిరపకాయల కారం చెంచాడే వెయ్యమంది. ఉప్పు మాత్రం చివరన. "ఎక్కువసేపు ఉంచితే రాయైపోయిద్ది. ఒక ముక్క చిదుము. లోపల ఎరుపు పోయిందా? దించెయ్యి." అంతా కలిపి పావుగంట కూడా పట్టలేదు.

అన్నంలో కలిపి పళ్ళెం ఆమె చేతికిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పిన్ని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

"ఏందే? చెడిపోయిందా?"

"ఉప్పు కాస్త ఎక్కువైంది," అని రెండో ముక్క తీసుకుంది. నములుతూ అంది: "చిన్నప్పుడు మా అయ్య వేట కోసినప్పుడల్లా కార్జం నాకొక్కదానికే వేయించి పెట్టేవాడు. దాని కోసం పొయ్యి దగ్గర్నుంచి కదిలేదాన్ని కాదు. మళ్ళీ ఇప్పుడు తింటన్నా."

బాబాయి నోరు తెరిచి చూశాడు. "నీకు ఇష్టమా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఆ వానల ఏడు చేలోంచి వచ్చి నువ్వు మూడు రోజులు మెతుకు ముట్టలేదు. నిద్రలో గొర్రెల పేర్లు పలికావు. ఇంక ఈ ఇంట్లోకి అది రాకూడదనుకున్నా. తినకపోతే చస్తానా ఏంది?"

ఆమె ఆ మాట ఎంత తేలిగ్గా అందో, ఆయన మొహం చూస్తే నాకు తెలిసింది అది ఎంత బరువో. ఆడమనిషి ఇరవై ఆరేళ్ళు ఒక ఇష్టాన్ని చప్పుడు చెయ్యకుండా పక్కన పెట్టింది. పక్కనే తిరిగిన మనిషికి ఆనవాలు కూడా చిక్కలేదు. అదే మనిషి ఎనిమిది నెలలుగా పోతున్న రక్తం గురించీ పెదవి విప్పలేదు. బాబాయి చెయ్యి చాచాడు. "నాకూ ఒక ముద్ద పెట్టు."

"నీకు పడదయ్యా."

"పెట్టమంటన్నాగా."

పెట్టింది. ఆయన భయపడుతూ నమిలాడు. మెత్తగా, కొంచెం ఇసుక తగిలినట్టుగా, చివర చిన్న తీపితో అది నోట్లో కరిగిందట. "మాంసంలా లేదు, పండులానూ లేదు. దేనికీ సాటి చెప్పలేను," అన్నాడు తర్వాత నాతో.

అలా ఏడు ఆదివారాలు వండాడు. రెండో వారం మాడ్చాడు, మూడో వారం ఉప్పు మరిచిపోయాడు. నాలుగో వారానికి పిన్ని మంచం దిగి గడప మీద కూర్చుంది. మధ్యలో ఇంజెక్షన్ల కోసం ఒంగోలు వెళ్ళొచ్చారు. మే నెలలో పరీక్ష చేస్తే పదిన్నర వచ్చింది. మందుల వల్లా, తిండి వల్లా అని బాబాయి అడిగితే, డాక్టరమ్మ "రెండూ" అని, "వండింది మీరేనా?" అని అడిగింది. "సగం ఆవిడేనండి, పడుకుని," అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నారు. అప్పటికి మంద పొలాలు వదిలి దూరం వెళ్ళే కాలం వచ్చినా, ఈ ఏడు బాబాయి గొర్రెల్ని తమ్ముడి వెంట పంపి ఇంటిపట్టునే ఉన్నాడు.

నిన్న సాయంత్రం గోడ మీద ఆయన తల కనిపించింది. చేతిలో గోంగూర కట్ట.

"అమ్మాయ్, పచ్చడికి మిరపకాయలు ముందు వేయించాలా, ఆకు ముందా?"

నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి పిన్ని కేక వినిపించింది. "నన్నడగొచ్చుగా! నేనేం ఊళ్ళో లేనా?"

"నిన్నూ అడుగుతాలేవే," అని ఆయన లోపలికి వెళ్ళాడు.