ఐదో నెల గాజులు

నా మాట ఎవరూ నమ్మరు. అందుకు నేనే ఏళ్ల తరబడి పాటుపడ్డాను. మలేసియాలోని ఈ బంటింగ్‌లో నా కుట్టు దుకాణానికి వచ్చినవాళ్లు జాకెట్టు ఆలస్యమైనా ఒక కథ మాత్రం పట్టుకుపోతారు. కొండచిలువ బస్సెక్కి క్లాంగ్ వెళ్లిందని, డ్రైవరు దాన్ని టికెట్ అడగలేదని చెప్పింది నేనే.

అందుకే చెల్లెలి కూతురి విషయంలో నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు నా తల ప్రాణం తోకకొచ్చింది.

పిల్ల కాలేజీలో రెండో ఏడు. పెళ్లయింది, కడుపుతో ఉంది, ఐదో నెల. మా ఇళ్లలో ఏడో నెల సీమంతం గాజులు తొడిగేదాకా కడుపు సంగతి బయటివాళ్లకు చెప్పరు, దిష్టి తగులుతుందని. వేవిళ్లతో పిల్ల క్లాసులు మానేసింది. కాలేజీ నుంచి ఫోను వచ్చిన ప్రతిసారీ చెల్లి జ్వరమంది. అంత పొడుగు జ్వరం నా కథల్లో కూడా లేదు. ఇంకొన్నాళ్లుంటే పేరు కొట్టేస్తారు.

దుకాణానికి వచ్చే ఆ కాలేజీ లెక్చరరమ్మను, ఎవరి గురించో అడుగుతున్నట్టు అడిగాను. కడుపుతో ఉన్న పిల్ల చదువు కొన్నాళ్లు వాయిదా వేసుకోవచ్చట, సీటు పోదట. కాకపోతే నెలాఖరులోపు కాలేజీలో చెప్పుకోవాలట.

చెల్లి ఇంటికి వెళ్లి చెప్పాను.

"ఇదీ నీ కొండసిలవ లాంటిదేనా పెద్దమ్మా?" అని పిల్ల నవ్వింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"ఒట్టే. నెలాకరు లోపల ఎల్లి సెప్పాల."

చెల్లి ఇంతెత్తున లేచింది. "ఏటక్కా నువ్వు! గాజులేయకుండానే ఊరంతా సాటింపేత్తావా? కడుపని తెలిస్తే గెంటేత్తారు గాని సీటుంచుతారేటి? సదువు పోతే పోనీలే."

పిల్ల పుస్తకాల సంచీని కాలితో మంచం కిందికి తోసింది. "ఒగ్గేయ్ పెద్దమ్మా. అలిసిపోనాను."

నేనూ అలిసిపోయాను. నిజంతో కాలేదు కనక నాకు చేతనైన పని చేశాను.

"ఎస్టేట్‌లో మన అమ్మమ్మకి ఐదో నెలకే గాజులేసినారు కదేటే? ఆ వారం రబ్బరు సెట్లు బాల్దీలు పొంగేటట్టు పాలిచ్చినాయి. దొరే వచ్చి అమ్మమ్మకి దండం పెట్టినాడు."

చెల్లి చేతిలో గరిట ఆగింది. "అమ్మ నాకెప్పుడూ సెప్పనేదే?"

"అమ్మకేటి తెలుస్తాది? అప్పుడు అమ్మమ్మ కడుపులో ఉంది."

ఆ శుక్రవారమే గాజులు తొడిగారు. సోమవారం పిల్లను కాలేజీకి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గరి ఆవిడ మలయ్‌లో, "ఇది ఎప్పటినుంచో ఉన్నదే. అడిగితే చెప్పేవాళ్లం కదా" అంది.

"ఉందని తెలిస్తే కదా అడగడానికి," అంది పిల్ల నాతో, తెలుగులో. సీటు నిలిచింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఓదార్చే ఓపిక లేక నేనూ పక్కన కూలబడ్డాను.

ఈ హక్కులు, సాయం సంగతి కాలేజీలో చేరిన రోజే ప్రతి పిల్లకూ చెప్పితీరాలని చట్టం ఉండాలా వద్దా అని ఇప్పుడు టీవీలో వాదించుకుంటున్నారు. ఉండాలి. అందరికీ ముందే చెబితే, కడుపుతో ఉన్న పిల్ల అడగడం కోసం తన గుట్టు విప్పుకోనక్కర్లేదు. వాళ్లు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. నాకు నిద్ర వస్తోంది.

మొన్న మా బంధువుల్లో ఇంకో అమ్మాయికి ఐదో నెలలోనే గాజులు తొడిగారు. అమ్మమ్మ నాటి ఆచారమట. రబ్బరు చెట్ల సంగతి చెల్లే అందరికీ చెబుతోంది, దొర సాష్టాంగపడ్డాడని కూడా కలిపి. అదంతా అబద్ధమని చెబుదామని నోరు తెరిచాను. ఈ పిల్లా కాలేజీలో చదువుతోందని గుర్తొచ్చి మూసుకున్నాను.