ఉచిత పాఠానికి కొబ్బరి లౌజు

రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చుంటే మా ఆవిడ కూరలు తరగమంటుందని భయపడి, అమలాపురంలో ఒక ఆన్‌లైన్ డిగ్రీ వాళ్ళ ఆఫీసులో చేరాను. ముప్పయ్యేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి. అక్కడ నాకిచ్చిన పని పాఠం చెప్పడం కాదు, పాఠాన్ని మధ్యలో ఆపడం.

ఎరువుల కొట్టు మీది మేడగదే మా విశ్వవిద్యాలయం. అసలుది ఎక్కడో ఉందట, మాలో ఎవరూ చూడలేదు. మేనేజరు మా అబ్బాయి వయసువాడు. మొదటిరోజే నాకు ఉపదేశం చేశాడు.

"కడుపు నిండా పెట్టేయకండి మేస్టారూ. ఆకలి రేపి వదిలెయ్యండి. ఆళ్ళే వచ్చి చేరిపోతారండి."

నలభై దాటి, చదువు సగంలో ఆగిపోయినవాళ్ళ కోసం పది నిమిషాల ఉచిత వీడియోలు చెయ్యాలి. ముడి వెయ్యాలి, విప్పకూడదు. చివర నవ్వి "మిగతాది డిగ్రీలో" అనాలి. ఆ నవ్వు నాకు తొందరగానే అబ్బింది. నిద్రపోయే పిల్లల ముందు ముప్పయ్యేళ్ళు అరిచినవాడికి ఫోన్లో లైకులు వస్తే ఎంత పొంగిపోతాడో చూడాలంటే అప్పట్లో నన్ను చూడాల్సింది.

"ఈ డిగ్రీ ప్రభుత్వ ఉద్యోగాలకి పనికొస్తుందా?" అని ఒకసారి అడిగాను.

"కొన్నిటికి రాదండీ. మనం అబద్ధం ఆడద్దు. అడిగినోళ్ళకి చెప్పేద్దాం," అన్నాడు మేనేజరు. ఎంత నిజాయితీపరుడో అనుకుని టీ తాగాను.

కానీ మా కోనసీమలో ఎవరడుగుతారు? ఊరికే పెట్టినవాణ్ణి ఎదురు ప్రశ్న అడగడం మా దగ్గర మర్యాద తక్కువ. పెట్టింది తిని, బాగుందండీ అని, ఆ గిన్నెలో ఇంకేదైనా వేసి తిరిగి పంపాలి. ఖాళీ గిన్నె పంపడమంటే మొహం మీద తలుపు వేసినట్టే. ఏమీ లేకపోతే ఒక బెల్లం ముక్కైనా వేస్తారు. మా మేనేజరుకి ఈ సంగతి బాగా తెలుసు, రావులపాలెం వాడే మరి.

మా ఎదురింటి అంగన్‌వాడీ టీచరు నా వీడియోలన్నీ చూసేది. ఊళ్ళో పిల్లల ముక్కులు తుడుస్తూ పద్దెనిమిదేళ్ళు గడిపిన మనిషి. సూపర్‌వైజరు కావాలని ఆశ. దానికి డిగ్రీ ఉండాలి, ఆవిడ ఇంటరుతో ఆగిపోయింది. వయసు పరిమితికి ఇంకా నాలుగేళ్ళుంది, డిగ్రీకి మూడేళ్ళు చాలు.

మా ఆవిడ ఎప్పుడో పులిహోర పంపిన స్టీలు గిన్నె ఒకటి రెండిళ్ళ మధ్యా తిరుగుతూ ఉండేది. నేను ఒక పాఠం పెట్టినప్పుడల్లా అది నిండుగా మా ఇంటికొచ్చేది. పనసపొట్టు కూర, చక్కెరకేళీలు, కొబ్బరి లౌజు. లౌజు మాత్రం, చెప్పక తప్పదు, అద్భుతం. వేళ్ళు నాకుతూ, తరువాతి పాఠం ఎక్కడ ఆపితే బాగుంటుందా అని ఆలోచించేవాణ్ణి.

పదో పాఠం అయ్యాక గిన్నెతో ఆవిడే వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఊరికే చెప్పేరు మేస్టారండీ. వినేసి ఊరుకుంటే ఏం బాగుంటాది? నేనూ మీ డిగ్రీలో చేరిపోతానండీ."

ఒక్క నిమిషం ఆగమ్మా, ఆ పోస్టుకి ఇది చెల్లదేమో కనుక్కో అనాలి. నోట్లో లౌజు ఉంది. అది మింగి, "మంచి ఆలోచనమ్మా," అన్నాను. "ఆయ్," అని సంతోషంగా వెళ్ళింది. ఆ నెల ఎక్కువమంది చేరింది నా వీడియోల పుణ్యమేనట, మేనేజరు నాకు శాలువా కప్పాడు. సిగ్గు లేకుండా కప్పించుకున్నాను.

ఐనవిల్లి వినాయకుడి దగ్గర పెట్టి తెచ్చుకున్న పెన్నుతో, అంగన్‌వాడీ సెంటరు మూసేశాక అరుగు మీద కూర్చుని ఆవిడ నోట్సు రాసుకునేది. చేరాక వచ్చిన మొదటి పాఠాలు ఏమిటనుకున్నారు? నా ఉచిత వీడియోలే. వాటి చివర నేనే నవ్వి "మిగతాది డిగ్రీలో" అంటున్నాను.

"డిగ్రీలోనే ఉన్నాను కదండీ," అంది ఆవిడ అయోమయంగా.

"టెక్నికల్ ప్రాబ్లమమ్మా," అన్నాను. మర్నాడు కూడా లౌజు వచ్చింది.

రెండేళ్ళు పోయాక సూపర్‌వైజరు పోస్టులు పడ్డాయి. ఏ డిగ్రీలు చెల్లుతాయో ముందే తెలుసుకుందామని ఆవిడ మండలాఫీసుకి వెళ్ళింది. గుమాస్తా జాబితా అంతా చదివి వినిపించాడు. మాది అందులో లేదు. ఇంకోచోట మళ్ళీ మొదలుపెడితే మూడేళ్ళు కావాలి, ఆవిడ దగ్గర రెండే మిగిలాయి.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది. తిడుతుందనుకున్నాను. నువ్వు అడగలేదు కదమ్మా అని సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను, అంత ఘనుణ్ణి.

"మీకు ముందే తెలుసాండీ మేస్టారూ?"

ఆవిడ నన్ను ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. అడిగినవాళ్ళకి చెప్పాలి కదా మరి. "తెలుసమ్మా," అన్నాను.

"ఆయ్," అంది మెల్లిగా. "అక్కగారి గిన్నె మా ఇంట్లో ఉండిపోయిందండీ. ఇచ్చేద్దామని వచ్చేను."

గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. మా ఆవిడ వచ్చి మూత తీసి చూసి, గిన్నెని నా వైపు వంచింది. గిన్నె శుభ్రంగా తోమి, తుడిచి ఉంది. లోపల బెల్లం ముక్క కూడా లేదు.