ఈశాన్యం మూల జెండా

మా నాన్నకు దిక్కుల పిచ్చి. సైన్యంలో మ్యాప్ చదవడం నేర్పే హవల్దారుకు ఆ మాత్రం ఉండదా అంటారేమో, నేను చెప్పేది ఆ దిక్కుల గురించి కాదు. బదిలీ మీద ఏ ఊరు వెళ్ళినా, సర్కారు వాళ్ళిచ్చిన క్వార్టర్లో అడుగు పెట్టగానే జేబులోంచి దిక్సూచి తీసి, ఈశాన్యం మూల ఎటొచ్చిందో చూసి, అక్కడ మంచినీళ్ళ బిందె పెట్టించి, దాని పైన దేవుడి పటానికి మేకు కొట్టిన తర్వాతే ట్రంకుపెట్టెల తాళాలు తీయనిచ్చేవాడు. ఢిల్లీ కంటోన్మెంటులో మాకొచ్చిన క్వార్టర్లో ఈశాన్యం మూల సరిగ్గా వీధి తలుపు వెనక్కి వచ్చింది. అయినా బిందె అక్కడే. ఎవరు తలుపు తీసినా బిందెకు తగిలి ఠంగుమనేది.

"గుడిగంటలాగా రోజంతా ఏంటండీ ఈ మోత? కాస్త ఇటు జరిపితే దేవుడేమన్నా అలుగుతాడా?" అని అమ్మ మొత్తుకునేది. ఆయన జరపలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఇదే మనిషి పొద్దున్నే పరేడ్ మైదానం పక్కన వేపచెట్టు కింద కుర్ర సిపాయిలను కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. రోజూ ఒకే దారిన నడిచే సిపాయి శత్రువుకు చుట్టం అనేవాడు. "ఆదత్ పడీ, తో మరే", అలవాటు పడ్డావా చచ్చావే, అని చివర్లో చప్పట్లు చరిచేవాడు. కాలేజీ బస్సు కోసం అటుగా పోతూ ఆ పాఠం ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. తనకు మాత్రం ఏ అలవాట్లూ లేవని ఆయన గట్టి నమ్మకం.

డెబ్భైల చివర ఒక చలికాలం కాలేజీ కేడెట్ అమ్మాయిలకు రాత్రిపూట దారి వెతికే పోటీ పెట్టారు. జట్టుకు ఇద్దరు. చేతికి మ్యాపు, దిక్సూచి, టార్చి ఇస్తారు. మ్యాపు మీద అక్కడక్కడా ఎర్ర సున్నాలు చుట్టి ఉంటాయి. ఒక్కో సున్నా లోపల ఒక గుర్తు ఉంటుంది. అది నీళ్ళ ట్యాంకు కావచ్చు, పాత గోడ కావచ్చు, అడవిలో పాడుబడ్డ గుమ్మటం కావచ్చు. దానికి ఏదో ఒక పక్కన చిన్న గుడ్డ జెండా కట్టి, దాని మీద ఒక అక్షరం రాసి ఉంటుంది. ఆ అక్షరం కార్డు మీద రాసుకుని తర్వాతి సున్నాకు పరుగెత్తాలి. అన్నీ పూర్తి చేసుకుని ముందుగా వచ్చిన జట్టును వేసవిలో నెల రోజులు హిమాలయాల్లో కొండలెక్కే శిక్షణకు పంపుతారు.

ఆ సీటు నాకు కావాలి. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ ఏదీ కావాలని కోరి తెచ్చుకోలేదు. పొమ్మన్న ఊరికి పోయాం, ఇచ్చిన క్వార్టర్లో ఉన్నాం, పెట్టిన రేషన్ తిన్నాం. నా కాలేజీ కూడా బస్సు నేరుగా పోతుందని ఎంచిందే. నా కాళ్ళతో నేను గెలుచుకున్నది ఒక్కటైనా ఉండాలనిపించింది. మంచు చూడాలని కూడా ఉండేది, కాదనను.

జెండాలు కట్టే పని నాన్నకే వచ్చింది. "నా కూతురు పోటీలో ఉంది సాబ్, ఇంకెవరికైనా చెప్పండి" అన్నాడట. పోటీ నడిపే మేజర్ నవ్వి, నీ మీద నమ్మకం లేకపోతే ఇంకెవరి మీదుంటుంది అన్నాడట. అంతే, ఆ వారమంతా నాన్న ఇంట్లో నోరు విప్పలేదు. మ్యాపు ఆఫీసు పెట్టెలో పెట్టి తాళం వేసి వచ్చేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగినా తలే ఊపేవాడు, ఎక్కడ నోరు జారి ఒక జెండా పళ్ళెంలో పడుతుందోనని. పోటీ రోజు మధ్యాహ్నం ఒక్కడే సైకిలు మీద వెళ్ళి అన్నీ కట్టి వచ్చాడు. ఆ సమయానికి నేను కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఉన్నాను.

నా జట్టులో రెండో అమ్మాయి ఒక కర్నల్ గారి కూతురు. మంచిదే. గుర్రం ఎక్కేది, ఈత కొట్టేది, మ్యాపును మాత్రం తలకిందులుగా పట్టుకునేది. పరుగు నీది, దారి నాది అని ఒప్పందం చేసుకుని బయల్దేరాం.

ముందు బజారు వీధులు. దుకాణాల షట్టర్లు దించేసి ఉన్నాయి. మిఠాయి కొట్టు పొయ్యిలో మిగిలిన వేడికి ఆనుకుని ఒక కుక్క పడుకుంది. బూట్ల చప్పుడు విని చౌకీదారు కర్ర నేలకేసి కొట్టి, మమ్మల్ని చూసి, "లడ్కియా హై", ఆడపిల్లలేలే, అని తనలో తనే అనుకుని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. మొదటి సున్నా బజారు చివర నీళ్ళ ట్యాంకు. దానికి నాలుగు కాళ్ళు, చుట్టూ తుప్పలు. కర్నల్ కూతురు టార్చి వేసుకుని వెతకడం మొదలుపెట్టింది. నేను ఊపిరి తీసుకుంటూ ఊరికే తలెత్తితే ధ్రువనక్షత్రం కనిపించింది. అది ఉత్తరం. అయితే ఈశాన్యం కాలు అదిగో, ఆ పక్కది. ఏమీ ఆలోచించకుండానే వెళ్ళి చెయ్యి పెట్టాను. జెండా అక్కడే ఉంది.

అదృష్టం అనుకున్నాను. రెండోది ఒక బడి ప్రహరీ. ఈసారి కావాలనే ఈశాన్యం మూలకు వెళ్ళాను. అక్కడా ఉంది. నాకు నవ్వాగలేదు. మా తలుపు వెనకాల బిందె కళ్ళముందు కనబడింది. మంచి పని ఏదైనా ఆ మూల నుంచే మొదలుపెట్టాలని ఆయన చేతులకు పుట్టుకతో వచ్చిన భయం. ఎండలో సైకిలు దిగి, జెండా తీసి, ఎటు కట్టాలో ఆలోచిస్తున్నాననుకుంటూ ప్రతిచోటా ఆ మూలకే పోయి కట్టి ఉంటాడు. ఆ తర్వాత జెండా వెతకడానికి మేం టార్చి వెలిగించే అవసరమే రాలేదు.

వీధులు అయిపోయి అడవి వచ్చింది. అడవంటే ఢిల్లీ వాళ్ళ అడవి, రాతి గుట్టల మీద మొత్తం సర్కారు తుమ్మ. ముళ్ళు సాక్సుల్లోంచి దిగేవి. నక్కలు కూసేవి. ఒకచోట నీలగాయి ఒకటి మా ముందునుంచి దభదభ పరుగెత్తితే కర్నల్ కూతురు నా చెయ్యి పట్టుకుని మరి వదల్లేదు. గుమ్మటం దగ్గరకొచ్చేసరికి "తూ జా యార్, మై నహీ ఆతీ" అని దూరంగా నిలబడిపోయింది. నేనొక్కదాన్నే గోడ వెంట ఈశాన్యం మూలకు వెళ్ళాను. జెండా చేతికి తగిలింది. దాని ముడి కూడా నాకు తెలుసు, మా పెరట్లో బట్టలారేసే తాడుకు ఆయన వేసే ముడే.

ఆ చీకట్లో నాన్న నా పక్కనే నడుస్తున్నట్టుంది. పగటిపూట ఎప్పుడూ ఆయన నాకంత దగ్గరగా అనిపించలేదు. ఆయన గురించి ఎవరికీ తెలియనిది, ఆయనకే తెలియనిది నాకు తెలుసునని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే మిగతా అన్నిటికంటే ఆ మురిపానికే నాకు ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

అందరికంటే చాలా ముందు చేరాం. గుడారంలో మేజర్ మా కార్డు చూసి శెభాష్ అన్నాడు, ఇత్తడి గ్లాసుల్లో టీ ఇప్పించాడు. నేను సగం తాగేలోపే ఒక సిపాయి వచ్చాడు. ఆడపిల్లలు కదా, ఏమైనా అవుతుందేమోనని ఒక్కో జెండా దగ్గర ఒక సిపాయిని చీకట్లో కూర్చోబెట్టారట, మాకు చెప్పలేదు. ఇతను గుమ్మటం దగ్గర కాపలా. పాపం, మెచ్చుకోడానికే వచ్చాడు. "భలే అమ్మాయి సాబ్, టార్చి లేదు, వెతకడం లేదు, నేరుగా వచ్చి జెండా మీద చెయ్యేసింది. సొంత ఇంట్లో దీపం స్విచ్ వేసినట్టు" అన్నాడు.

మేజర్ మొహంలో నవ్వు ఆగిపోయింది. "బేటీ, ఎలా దొరికింది?" అని అడిగాడు.

నాన్న గుడారం గుమ్మంలో లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిజం నా నాలుక చివరే ఉంది. మా నాన్న అన్ని జెండాలూ ఒకే మూల కడతాడు సాబ్, ఆయన్ను ఎరిగినవాళ్ళు ఎవరైనా కళ్ళు మూసుకుని పట్టుకోవచ్చు. పరీక్ష పెట్టే మాస్టారికి ఏ పాఠం ఇష్టమో తెలిసిన పిల్ల దొంగెలా అవుతుంది? కానీ మరుసటి నెలే ఆయన ప్రమోషన్ తేలాలి. తేల్చేవాళ్ళలో ఈ మేజర్ ఒకడు. అలవాటు పడితే చచ్చావని సిపాయిలకు చెప్పే మనిషి అలవాటును ఆ సిపాయిల ముందే ఎలా బయటపెట్టను? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది. నేను నాన్న వైపు చూశాను. ఆయనే ఏదో ఒకటి అంటాడు, నా కూతురు అలాంటిది కాదని ఒక్క ముక్క అంటాడు అనుకున్నాను.

ఆయన లాంతరు కింద పెట్టి చేతులు జోడించాడు. "జెండాలు కట్టేటప్పుడు దాక్కుని నా వెనకాలే వచ్చి చూసి ఉంటుంది సాబ్. బచ్చీ హై. మాఫ్ కర్ దీజియే."

అరనిమిషం కూడా పట్టలేదు ఆయనకు ఆ మాట అనడానికి. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాను, దొంగతనమే చెయ్యకుండా. ఆ మధ్యాహ్నం నువ్వెక్కడున్నావని ఎవరూ అడగలేదు. తండ్రే చెప్పాక ఇంక అడిగేదేముంది? మేజర్ పెద్దమనసుతో మా జట్టును తీసేసి ఊరుకున్నాడు. కర్నల్ కూతురు నన్ను పక్కకు లాగి, "నాకైనా ముందే చెప్పొచ్చు కదా యార్, ఆ అడవిలో ఊరికే భయపడి చచ్చాను" అంది. తర్వాత, గెలిచిన జట్టులో ఒకమ్మాయిని పంపడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదట. ఆ సీటులో వేసవికి కర్నల్ కూతురు వెళ్ళింది. పాపం, తనకేమీ తెలియదు కదా అన్నారు.

ఆ రాత్రి ఇంటిదాకా నాన్న సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, నేను వెనకాల నడిచాను. "చలిలో తిరిగావు. రేపు కాలేజీ మానెయ్యి" అన్నాడు, అంతే. తలుపు తోస్తే బిందె ఠంగుమంది. ఆయన ప్రమోషన్ వచ్చినప్పుడు అమ్మ చేసిన లడ్డూలు క్వార్టర్లన్నిటికీ నేనే పంచాను. ఎదురింటి ఆంటీ లడ్డూ తీసుకుని, "ఆగే సే ఐసా మత్ కర్నా బేటీ", ఇకమీదట ఇలా చెయ్యకమ్మా, అని నా తల నిమిరింది. కొండలెక్కే శిక్షణకు మరుసటి ఏడాది మళ్ళీ పేరు ఇమ్మంటే నేను ఇవ్వలేదు.

ఎనభైల్లో నాన్న రిటైరయ్యాడు. నాకు ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మయూర్ విహార్‌లో ఫ్లాటు చేతికొచ్చిన రోజు సామాన్లు దించుకుంటుంటే పక్క ఫ్లాటు అంకుల్ పలకరించడానికి వచ్చాడు. ఆయన ట్రంకుపెట్టె మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నాన్న దేవుడి పటానికి మేకు కొడుతున్నాడు. నేను మేకుల డబ్బా పట్టుకుని నిలబడ్డాను. మాటల్లో మాటగా నాన్న ఆ రాత్రి సంగతి ఎత్తాడు. సిగ్గుపడుతూ చెప్పలేదు. మీసం దువ్వుకుంటూ చెప్పాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నా వెనకాల మనిషి నడిస్తే నాకు తెలియకపోవడం ఒక్కసారే జరిగింది భాయ్‌సాబ్, అది నా కూతురే అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నిజం చెప్పవే, ఇప్పుడేం కొంప మునగదు. ఆ గుమ్మటం దాకా వచ్చావా, పొదల్లోనే ఆగిపోయావా? నేను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తానే ఉన్నాను గదా."

ఇన్నేళ్ళూ నేను అనుకున్నది వేరు. అబద్ధమని తెలిసే అన్నాడని, ప్రమోషన్ కోసం నన్ను బలిపెట్టాడని అనుకున్నాను. ఆ కోపం కొండంత పెంచుకుని దానికి ఆనుకుని బతికాను. బలిపెట్టినవాడికి లోపల ఎక్కడో గుచ్చుకుంటూ ఉంటుందిలే అన్న చిన్న ఓదార్పు అందులో ఉండేది. ఈయనకు ఏమీ గుచ్చుకోలేదు. తన కూతురు దొంగచాటుగా వచ్చిందని ఆ గుడారంలో ఆయన నిజంగానే నమ్మాడు.

"నేను రాలేదు నాన్నా. ఆ మధ్యాహ్నం నాకు ప్రాక్టికల్స్. నువ్వు జెండాలన్నీ ఈశాన్యం మూలే కట్టావు. అందుకే దొరికాయి."

సుత్తి గాలిలో ఆగింది. కాసేపు గోడ వైపే చూశాడు. గుర్తు తెచ్చుకుంటున్నాడేమోనని నాకు పిచ్చి ఆశ. ఒక్కసారి, అవునా అంటే చాలు, పోయిన కొండలన్నీ ఆయనకే వదిలేద్దును.

"నేనా?" అన్నాడు. "పాతికేళ్ళు సిపాయిలకు చెప్పినోణ్ణి, నాకు అలవాటేంటే? నా వెనకాలే వచ్చావు నువ్వు." అంకుల్ వైపు తిరిగి "అభీ భీ నహీ మాన్తీ", ఇప్పటికీ ఒప్పుకోదు చూడండి, అని నవ్వాడు. అంకుల్ కూడా నవ్వాడు.

మేకు దిగింది. నాన్న జేబులోంచి దిక్సూచి మరోసారి తీసి, ముల్లు ఆగేదాకా చూసి, "బిందె ఇట్టా పట్రా" అన్నాడు. నేను తెచ్చి ఆయన చూపించిన మూల పెట్టాను.