గుంతకల్లు క్లబ్బులో ఖాసీం కుర్చీ

గుంతకల్లుకు జనం రైలు మారడానికి పోతారు. పనిగట్టుకొని ఆ ఊళ్లోనే దిగి, ఒక రాత్రి గడిపి, మళ్లీ ఇంటికి వచ్చినవాణ్ని మా వీధిలో నేనొక్కణ్నే. కొత్త పైసలు వచ్చి రెండేళ్లయినా అంగళ్లవాళ్లు ఇంకా అణాల్లోనే బేరమాడుతున్న రోజులవి. అప్పట్లో నేను అనంతపురంలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. నాకు తిండి గురించి తెలిసినంత సంగీతం గురించి తెలియదు. కాబట్టి ఈ కథనంలో ఏది ఎక్కువ కనబడినా పాఠకులు ఏమీ అనుకోవద్దు.

ప్రయాణానికి కారణం మా పక్కింటి ఖాసీం. వాళ్ల నాయన మస్తానయ్యకు పెళ్లిళ్లకు వాయించే బ్యాండుమేళం ఉండేది. అందులో ఖాసీం క్లారినెట్ వాయించేవాడు. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. విత్తనం వేసినవాళ్లు వేసినందుకు, వేయనివాళ్లు వేయనందుకు ఏడుస్తున్నారు. పెళ్లిళ్లన్నీ వచ్చే ఏటికి పోయాయి. మేళంవాళ్ల ఎర్రకోట్లు వరసగా మేకులకు వేలాడుతున్నాయి. మస్తానయ్య కొడుకుతో తేల్చి చెప్పేశాడు: ఇంక క్లారినెట్ అటకెక్కించి తనకల్లు పోవాలి, అక్కడ మామ దర్జీ అంగట్లో మిషను ముందు కూర్చోవాలి. ఖాసీం ఆ మాట విన్నప్పటి నుంచి సరిగా అన్నం తినలేదు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చోవడం వాడివల్ల అయ్యే పని కాదు. మాట్లాడేటప్పుడు కూడా నడుస్తూ మాట్లాడతాడు.

అప్పుడొచ్చింది గుంతకల్లు కబురు. కిందటేడు అక్కడొక పెళ్లి ఊరేగింపు రైలు గేటు పక్కగా పోతుంటే, సిగ్నల్ కోసం ఆగిన గూడ్సుబండి డ్రైవరు కిందికి వంగి ఖాసీం వాయింపు విన్నాడట. ఆయన పేరు డెస్మండ్, ఆంగ్లో ఇండియన్. రైల్వే కాలనీ క్లబ్బులో శనివారాలు డాన్సుకు వాయించే చిన్న బ్యాండుకు ఆయనే పెద్ద. వాళ్ల క్లారినెట్ మనిషి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడనీ, వచ్చే శనివారం వచ్చి తమతో వాయించి చూడమనీ ఇంజన్లో బొగ్గు వేసే ఒక ఫైర్‌మన్ చేత చెప్పి పంపించాడు. కుదిరితే శనివారాలు గుంతకల్లు, ఆదివారాలు బళ్లారి, బతకడానికి సరిపోతుంది. మస్తానయ్య ఆ ఒక్క శనివారానికి ఒప్పుకున్నాడు. ఇంగ్లీషు వచ్చినవాడు తోడుండాలని నన్ను పొమ్మన్నాడు. నా ఇంగ్లీషు ఎంతో నాకు తెలుసు. కానీ జతలుజతలుగా ఆడామగా డాన్సు చేస్తారని విన్నాక రానని ఎలా అంటాను?

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ప్యాసింజరు ఎక్కాం. మూడో తరగతి చెక్కబల్లలు. నేను కిటికీ పట్టుకొని కూర్చున్నాను, ఖాసీం తలుపు దగ్గర నిలబడ్డాడు. గార్లదిన్నెలో బొరుగులు, అంటే మరమరాలు, కొన్నాను. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్కలు వేసి, కాస్త నూనె చిలకరించి ఇస్తారు. మీరు ఆ దారిన పోతే కారం తగ్గించమని ముందే చెప్పండి, నేను చెప్పక పామిడి దాకా ముక్కు తుడుచుకున్నాను. పామిడి దగ్గర పెన్న మీదుగా బండి పోయింది. ఏటి నిండా ఇసుకే. అందులో ఆడవాళ్లు చెలమలు తవ్వుకొని చెంబులతో నీళ్లు తోడుతున్నారు.

గొర్రెల వ్యాపారి ఒకాయన ఖాసీం చేతిలోని పెట్టెను చాలాసేపు చూసి, ఏ ఊళ్లో పెళ్లి అని అడిగాడు. పెళ్లి కాదు, క్లబ్బు అన్నాడు ఖాసీం.

"పెండ్లి లేకుండా మేళమేందప్పా? ఎవురెంట నడుస్తారు మీరు?" అన్నాడాయన.

ఖాసీం పెట్టెను ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఆ ప్రశ్న విలువ సాయంత్రానికి గాని మాకు అర్థం కాలేదు.

నాలుగు గంటలకు గుంతకల్లు. స్టేషను బయట ఒక అరుగు హోటల్లో దోసెలు తిన్నాం. దోసె బాగుంది, చట్నీ ఇంకా బాగుంది, నీళ్లు మాత్రం ఉప్పన. ఖాసీం అరదోసె తిని వదిలేస్తే మిగిలింది నేను పూర్తి చేశాను. తర్వాత రైల్వే కాలనీ వైపు నడిచాం. సున్నం కొట్టిన రాళ్ల మధ్య బాట, రెండు పక్కలా వేపచెట్లు, పెంకుల ఇళ్లు. క్లబ్బంటే ఏ మహలో అనుకున్నాను. తీరా చూస్తే మా స్కూలు హాలు కంటే చిన్నది. ముందొక వరండా, లోపల నున్నటి చెక్కనేల, ఒక మూల మోకాలెత్తు వేదిక.

బూట్లు లేనివాళ్లను లోపలికి రానివ్వరని ఫైర్‌మన్ ముందే చెప్పాడు. అందుకని మా పి.టి. మాస్టారి కాన్వాసు బూట్లు అడిగి తెచ్చుకున్నాను. ఒక సైజు పెద్దవి. వేళ్ల దగ్గర పాత గుడ్డలు కుక్కి పంచె కింద వేసుకున్నాను. ఖాసీం జరీ అంచుల ఎర్రకోటు తొడిగాడు. కాపలావాడు వాడికి నిటారుగా నిలబడి సలాం కొట్టాడు. పెట్టె మోస్తున్న నన్ను వెనక తలుపు నుంచి రమ్మన్నాడు. నా ఇంగ్లీషు మొదటిసారి అక్కడే పనికొచ్చింది.

డెస్మండ్ పొడుగ్గా, తెల్లచొక్కాలో ఉన్నాడు. గోళ్ల సందుల్లో మాత్రం బొగ్గు పోలేదు. ఆయన బాకా వాయిస్తాడు. ఆయన భార్య పియానో, టికెట్ కలెక్టరు ఒకాయన డ్రమ్ములు. అంతే బ్యాండు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది. డెస్మండ్ తెలుగు, మా జిల్లా స్టేషన్లన్నిట్లో ఏరుకొచ్చిన తెలుగు. ఖాసీంకు ఆ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

ఏడు గంటలకు మొదలైంది. డాన్సు గురించి చెప్పమని మా స్టాఫ్‌రూములో అందరూ వేధించారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మొగుడూపెళ్లాలు, అన్నాచెల్లెళ్లు, తాతామనవరాళ్లు కూడా చేతులు పట్టుకొని తిరుగుతారు. ఎవరూ సిగ్గుపడరు. సిగ్గుపడినవాణ్ని నేనొక్కణ్నే. సిగ్గుతోనే రెండు కట్లెట్లు, ఒక జింజర్ సోడా పుచ్చుకున్నాను. ఇక ఆ జాజ్ అనేది నాకు అర్థమైనంతలో ఇది: ముందు అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు. తర్వాత వంతులవారీగా ఒక్కొక్కరే ఆ పాటను, తలపాగా విప్పినట్టు విప్పేసి, తమకు నచ్చినట్టు మళ్లీ చుట్టుకుంటారు. చివరికి అందరూ ఒక్కటవుతారు. డెస్మండ్ వంతు వచ్చినప్పుడు నా కాన్వాసు బూటు దానంతటదే నేలను తట్టింది.

ఖాసీం వంతు వచ్చింది. వాడు కళ్లు మూసుకొని ఊదాడు. వచ్చింది క్లారినెట్ శబ్దమే, కానీ ఖాసీంది కాదు. సన్నగా, పీలగా, మధ్యలో తెగుతూ పోయింది. తర్వాతి పాటలోనూ అంతే. వాడు లేవబోతే డెస్మండ్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"ఈడ పెండ్లికొడుకు లేడప్పా. ఎవుర్నీ యాడికీ తోడుకొని పొయ్యేది లేదు. కూర్చోని వాయించు."

నాకప్పుడు వెలిగింది. ఖాసీం పదేళ్ల వయసు నుంచి వాయిస్తున్నాడు గాని, ఒక్కరోజు కూడా కూర్చొని వాయించలేదు. వాడి ఊపిరి అడుగు మీద నడుస్తుంది. ఎదురుగా వీధి ఉండాలి, వెనక జనం ఉండాలి. గొర్రెల వ్యాపారి అడిగింది సరిగ్గా అదే. మూడో పాట కూడా పోతే తనకల్లు మిషనే గతి.  ఇక్కడిదాకా తీసుకొచ్చి పిల్లవాడి పరువు తీశానని ఏడుపొచ్చినంత పనైంది.

మూడో పాటలో వాడి వంతు వచ్చేసరికి ఖాసీం లేచి నిలబడ్డాడు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకు క్లారినెట్ గొంతు విచ్చుకుంది. మూడో అడుగుకు వేదిక దిగాడు. డాన్సువాళ్లు తప్పుకొని దారి ఇచ్చారు, ఆ దారిన వాడు నడిచాడు. గౌన్లూ బూట్లూ వాడి వెనకే కదిలాయి. నాలుగుదారులు కలిసేచోట ఆగి ఒక చుట్టు ఎక్కువ వాయించడం మేళంవాళ్ల మర్యాద. ఖాసీం హాలు గుమ్మంలో ఆగి ఆ మర్యాద కూడా పాటించాడు. తర్వాత వరండా, తర్వాత వాకిలి. హాలు హాలంతా వాడి వెంట బయటికి పోయింది. కాపలావాడు కూడా పోయాడు. నేను కిటికీలోంచి చూస్తే, అందరినీ క్లబ్బు చుట్టూ ఒక తిప్పు తిప్పి ముందు తలుపు నుంచే లోపలికి తెస్తున్నాడు. అంత సంతోషంగా చప్పట్లు కొట్టిన జనాన్ని నేను మళ్లీ చూడలేదు.

వేదిక మీద మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తాళం ఎప్పుడో తప్పింది. డెస్మండ్ భార్య ఒళ్లో చేతులు పెట్టుకొని కూర్చుంది. ఆయన ఖాసీంను వరండాలోకి పిలిచాడు. నేనూ వెళ్లాను.

"నీ ఊపిరి బంగారమప్పా. కానీ పియానోకు కాళ్లు లేవే. మా ఆడమనిషి దాన్ని ఎత్తుకోని నీ ఎంట రాగలదా?" అన్నాడు. మెత్తగానే మళ్లీ అన్నాడు. "వచ్చే శనివారం రా. ఇప్పుడు నడుస్తా వాయించిందే కూర్చోని వాయిస్తివా, కుర్చీ నీది. లేకుంటే బళ్లారి నుంచి ఇంకొకణ్ని పిలిపిస్తా."

ఆ రాత్రి మాకు క్లబ్బు వరండాలోనే మడతమంచాలు వేసి దుప్పట్లిచ్చారు. గుంతకల్లులో లాడ్జింగుల సంగతి నన్నడగొద్దు, నాకు ఆ అవసరం రాలేదు. తెల్లవారుతూనే ఖాసీం మంచం అంచున కూర్చొని ఊది చూశాడు. రాలేదు. పెట్టె మూసి, కాలు కాలిన పిల్లిలా వాకిట్లో తిరిగాడు. తనకల్లులో మిషన్లు కాలితో తొక్కేవేనా, చేత్తో తిప్పేవా అని నన్ను అడిగాడు. కాలితో తొక్కేవే అన్నాను. ఓదార్పుగా అన్నాననుకున్నాను గాని, వాడి మొహం ఇంకా ముడుచుకుంది.

తిరుగుబండి ఆదివారం పొద్దున. ఖాళీగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కరువుకు కూలిపని వెతుక్కుంటూ బెంగళూరు వైపు పోయే సంసారాలతో పెట్టె కిక్కిరిసింది. తలుపు దగ్గర మూటలు. ఖాసీంకు నిలబడే చోటు కూడా దొరకలేదు. బల్ల మీద నాకూ ఒక ముసలామెకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. కాళ్ల మీద ఎవరిదో గోనెసంచి. ముసలామెది బెళుగుప్ప. కోడలితో కలిసి ఇటుకబట్టీకి పోతోంది. నాతో కాసిని బొరుగులు పంచుకొని, ఆ పెట్టెలో ఏముందని అడిగింది. చెప్పాను. అయితే వాయించమంది. పోయినేడు, ఈ ఏడు మా ఊళ్లో మేళం వినబడలేదు నాయనా అంది.

"నేను నడుస్తా వాయించేవాణ్ని అవ్వా. కూర్చుంటే రాదు," అన్నాడు ఖాసీం.

"నువ్వు యాడ కూర్చున్నావప్పా. బండి నడుస్తానే ఉండాది గదా."

ఆమె ఏదో గొప్ప మాట చెబుతున్నట్టు అనలేదు, బొరుగులు నములుతూ అంది. ఖాసీం కిటికీ వైపు చూశాడు. కంపచెట్లు వెనక్కి పోతున్నాయి. చక్రాల చప్పుడు వాడు వింటున్నాడని నాకు తెలిసింది, ఎందుకంటే గోనెసంచి కింద వాడి కాలివేళ్లు కదిలాయి. పెట్టె తెరిచాడు.

మొదట పీలగానే వచ్చింది. పెన్న వంతెన మీద చప్పుడు మారింది, దానితోపాటు వాడి వాయింపూ మారింది. రాత్రి వాకిట్లో విన్న గొంతు, అదే, చెక్కబల్ల మీది నుంచి వచ్చింది. జనం మాటలు మానేశారు. ముసలామె కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వింటోంది. పెళ్లి పాట అయిపోయింది. ఆ తర్వాత రాత్రి నేర్చిన క్లబ్బు పాటను పట్టుకున్నాడు, దాన్ని విప్పాడు, తన పద్ధతిలో చుట్టాడు. నేను వాడి మోకాళ్లనే చూస్తున్నాను.

గార్లదిన్నెలో ఎదురుబండి కోసం మా బండి ఆగింది. చక్రాల చప్పుడు పోయింది. అయిపోయింది, వీడూ ఆగిపోతాడు అనుకొని నేను కళ్లు మూసుకున్నాను. క్లారినెట్ ఆగలేదు. ప్లాట్‌ఫారం మీది బొరుగులవాడు గంప దించి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎదురుబండి వచ్చింది, పోయింది. ఖాసీం పాట పూర్తిచేసి, నోరు తుడుచుకొని, కళ్లు తెరిచి కిటికీలోంచి చూశాడు. కదలని స్టేషను బోర్డును చూశాడు. తర్వాత తన కాళ్లను చూసుకున్నాడు.

"బండి ఎప్పుడు నిలిచింది సార్?"

శానాసేపాయె అంది ముసలామె.

మధ్యాహ్నానికి అనంతపురం చేరాం. గుంతకల్లు ఎలా ఉందని అడిగినవాళ్లకు దోసె బాగుందని, నీళ్లు తీసుకుపొమ్మని చెప్పాను. సోమవారం స్కూల్లో పి.టి. మాస్టారు బూట్లు అడిగాడు. వచ్చే శనివారం దాటేదాకా ఇచ్చేది లేదన్నాను.